కారు కొనేముందు, కొన్నాక: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో ఒకరికి కార్ల మీద కాస్త ఆసక్తి ఉందని తెలిస్తే చాలు, చుట్టాలూ స్నేహితులూ అందరూ వాళ్లకే ఫోన్ చేస్తారు. నాకొచ్చే ఫోన్లలో చాలావరకు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. మన దేశంలో కారు భవిష్యత్తును తేల్చేది లాంచ్ రోజు హడావుడి కంటే, కొన్న మూడో ఏడు అది పెట్టే ఖర్చూ, దొరికే స్పేర్లూ అని నా గట్టి నమ్మకం. జవాబులన్నిటిలో మీకు అది కనిపిస్తుంది.

## ఏ కారు ఎందుకు ఆడింది, ఏది ఎందుకు ఆడలేదు

మారుతి 800 అంతలా పాకిపోయింది వేరే కార్లు లేకేనా?

ఉన్నాయి. అంబాసిడర్ ఉంది, ప్రీమియర్ పద్మిని ఉంది. కాకపోతే ఆ కార్లు ఉన్నవాళ్లకు ఒక మెకానిక్ ఎప్పుడూ అందుబాటులో ఉండాల్సి వచ్చేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్ట్ అయ్యేది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, తేలికైన స్టీరింగ్, ఇరుకు సందులో కూడా తిరిగే సైజు. డ్రైవర్‌ని పెట్టుకోకుండా యజమానే నడుపుకోవడం మధ్యతరగతి ఇళ్లలో మామూలైంది దీంతోనే. ఆడవాళ్లు స్టీరింగ్ పట్టుకోవడం పెరగడంలోనూ దీని పాత్ర పెద్దది. దానికితోడు చిన్న ఊళ్లలో కూడా స్పేర్లు దొరికాయి, పని తెలిసిన మెకానిక్కులు తయారయ్యారు. 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా, అంటే ముప్పై ఏళ్లు, అది నిలబడిందంటే కారణం ఇదే.

నానో లక్ష రూపాయలకే ఇస్తామన్నారు కదా, అయినా జనం ఎందుకు కొనలేదు?

ఆ లక్ష మాటే దాన్ని దెబ్బకొట్టింది. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించినప్పుడు ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుకుంది. కానీ మన దగ్గర కారు కొనడమంటే నలుగురిలో ఒక మెట్టు ఎక్కడం. వాకిట్లో కారు ఆగితే పక్కింటివాళ్లు "లక్ష కారా?" అంటారన్న బెరుకు ఉంటే, ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ ఆల్టో తెచ్చుకుంటారు. చాలామంది అదే చేశారు. దేశంలోకెల్లా చౌక కారు అన్న ముద్ర వేసి అమ్మడం పొరపాటేనని తర్వాత రతన్ టాటా స్వయంగా అన్నారు.

మిగతా కారణాలు కూడా చిన్నవి కావు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూమి గొడవ వల్ల ఫ్యాక్టరీని గుజరాత్‌లోని సాణంద్‌కి మార్చాల్సి వచ్చింది. అక్కడ ఉత్పత్తి మొదలయ్యేసరికి 2010 వచ్చింది, మొదటి వేడి చల్లారిపోయింది. కొన్ని బండ్లు రోడ్డు మీద తగలబడిన ఫొటోలు టీవీల్లో తిరిగాయి. బేసిక్ మోడల్‌లో ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. వెనక డిక్కీ తలుపు అసలు తెరుచుకునేదే కాదు. సామాను పెట్టాలంటే వెనక సీటు వంచి లోపలినుంచి తోయాలి. పండక్కి ఊరెళ్లే కుటుంబానికి అది పెద్ద ఇబ్బంది. తెరుచుకునే డిక్కీ 2015లో ఇచ్చారు, అప్పటికే జనం మర్చిపోయారు. ఏడాదికి రెండున్నర లక్షల బండ్లు చేయగల ఫ్యాక్టరీ ఏనాడూ ఆ సంఖ్య దరిదాపుల్లోకి రాలేదు. ఇంజనీరింగ్‌గా చూస్తే నానో గొప్ప పని. ఆ ధరలో అంత చోటు ఇంకెవరూ ఇవ్వలేదు. అందుకే దాని కథ నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

స్విఫ్ట్ డీజిల్‌లోనూ, ఫియట్ పుంటోలోనూ ఒకే ఇంజన్ అంటారు. మరి ఒకటి గెలిచి ఇంకోటి ఎందుకు ఓడింది?

నిజమే, రెండింట్లోనూ ఫియట్‌వారి 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజనే. మారుతి దానికి డీడీఐఎస్ అని పేరు పెట్టుకుంది, టాటా క్వాడ్రాజెట్ అంది. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, ఇండికా విస్టా, ఇలా లక్షల కార్లు దాని మీదే నడిచాయి. ఆ ఇంజన్ కనిపెట్టిన కంపెనీ కార్లు మాత్రం షోరూంలో నిలబడిపోయాయి.

నడిపిన ఎవరిని అడిగినా పుంటో, లీనియాల స్టీరింగ్, హైవే మీద స్థిరత్వం, తలుపు వేసినప్పుడు గట్టిదనం మెచ్చుకుంటారు. దెబ్బతిన్నది అమ్మకం తర్వాతే. 2006 నుంచి కొన్నేళ్లపాటు ఫియట్ కార్లను టాటా డీలర్లే అమ్మారు, వాళ్లే సర్వీస్ చేశారు. సొంత కార్లు అమ్ముకునే డీలరు పక్కవాడి కారుకి ఎంత శ్రద్ధ పెడతాడు? చిన్న భాగం విరిగితే వారాలు ఆగాల్సి వచ్చేదన్న మాట మోతగా వినిపించింది. 2012లో విడిపోయి సొంత డీలర్లను పెట్టుకునేసరికి పేరు పోయింది. పేరు పోతే సెకండ్ హ్యాండ్ రేటు పడిపోతుంది, రేటు పడిపోయిందని కొత్తవి కొనరు, అమ్మకాలు లేవని డీలర్లు మూసేస్తారు. ఏ కారైనా ఒకసారి ఆ సుడిలో పడితే బయటపడటం చాలా కష్టం. అదే ఇంజన్ ఉన్న స్విఫ్ట్‌కి మండల కేంద్రంలో కూడా ఫిల్టర్ దొరికేది.

ట్రావెల్స్ నడిపే మా బాబాయి ఎటియోస్ బంగారం అంటాడు. అంత మంచిదైతే ఎందుకు ఆపేశారు?

బాబాయి చెప్పింది నిజమే. ఎటియోస్ 2010 చివర్లో వచ్చింది, ఆ తర్వాతి ఏడాది వచ్చిన దాని డీజిల్ ట్యాక్సీలు లక్షల కిలోమీటర్లు ఇంజన్ విప్పకుండా తిరిగాయి. సొంతానికి కొనేవాళ్లకు మాత్రం లోపలి ప్లాస్టిక్ నాసిగా కనిపించింది, మీటర్లు మధ్యలో పెట్టడం నచ్చలేదు. ట్యాక్సీగా ఎక్కువగా కనిపించేకొద్దీ ఇంట్లోవాళ్లు వద్దన్నారు. 2020లో పొగ కాలుష్యం మీద బీఎస్ 6 నిబంధన వచ్చేసరికి టొయోటా దాన్ని ఆపేసింది. ఇన్నోవా కూడా ట్యాక్సీయే కదా అంటారు. దాన్ని మంత్రులూ వాడారు, పెళ్లిళ్లకూ వాడారు. అందుకే ఆ ముద్ర దానికి అంటలేదు.

డిజైర్ లాంటి చిన్న సెడాన్లకు డిక్కీ కోసేసినట్టు ఎందుకుంటుంది?

పన్ను కోసం. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. 2012లో వచ్చిన రెండో తరం డిజైర్‌ను అందుకే 3995 మిల్లీమీటర్లకు కుదించారు. ఆ గీత ఇప్పటికీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతం, వాటికంటే పెద్దవాటి మీద 40 శాతం. నెక్సాన్, వెన్యూ లాంటివి ఆ గీతకు లోబడి గీసిన బండ్లే.

కియా నిన్నగాక మొన్న వచ్చింది. అంత త్వరగా ఎలా నిలబడింది?

పేరు కొత్తదే, వెనక ఉన్నది హ్యుందాయ్ గ్రూపు. 1998లో శాంత్రోతో మొదలుపెట్టి మన జనం ఏం అడుగుతారో రెండు దశాబ్దాలు చూసిన అనుభవం అది. 2019 ఆగస్టులో సెల్టోస్ వచ్చిన రోజుకే పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ సిద్ధంగా ఉంది, దేశమంతా షోరూంలు సిద్ధంగా ఉన్నాయి. పెట్రోల్, డీజిల్, టర్బో, రకరకాల ఆటోమేటిక్‌లు, అన్నీ మొదటి రోజే ఇచ్చారు.

ఫోర్డ్ లాగా కంపెనీ మూటాముల్లె సర్దుకుంటే నా కారు గతేంటి?

భయపడి అడ్డికి పావుశేరు చొప్పున అమ్మేయకండి. షెవ్రొలే అమ్మకాలు 2017 చివరికి ఆగిపోయాయి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. రెండూ ఆ తర్వాత కూడా సర్వీసు, స్పేర్లు కొనసాగించాయి. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ వంటివి బయటి కంపెనీలు కూడా చేస్తాయి. ఇబ్బంది వచ్చేది హెడ్‌లైట్, బంపర్, సెన్సర్లు, ఎలక్ట్రానిక్ యూనిట్ల దగ్గర. మీ బండి నడక బాగుంటే నడుపుకోండి. ఎలాగూ రేటు పడిపోయింది కాబట్టి ఎక్కువ ఏళ్లు వాడుకోవడమే లాభం.

## ఎంచుకునే దశ

పెట్రోలా, డీజిలా?

ముందు లెక్క వేయండి. డీజిల్ మోడల్ లక్షన్నర ఎక్కువనుకుందాం. పెట్రోల్ లీటరు 108 రూపాయలు, మైలేజి 15. డీజిల్ 96, మైలేజి 20. కిలోమీటరుకు పెట్రోల్‌కి 7.20, డీజిల్‌కి 4.80. తేడా 2.40. అంటే ఆ లక్షన్నర తిరిగి రావడానికి 62,500 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి పదివేలు తిరిగేవాళ్లకి ఆరేళ్లు దాటుతుంది.

లెక్క కంటే ముఖ్యమైనది డీపీఎఫ్. బీఎస్ 6 డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ అది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకునే రెండేసి కిలోమీటర్ల వాడకానికి ఆ అవకాశం రాదు. ఫిల్టర్ నిండి లైటు వెలుగుతుంది. నిర్లక్ష్యం చేస్తే ఖర్చు వేలల్లో ఆగదు. వారం వారం హైవే ఎక్కేవాళ్లకి డీజిల్ ఇప్పటికీ హాయి. సిటీ దాటనివాళ్లు దాని జోలికి వెళ్లొద్దు.

ఆటోమేటిక్‌లో ఏఎంటీ, సీవీటీ, డీసీటీ అంటున్నారు. ఏది తీసుకోవాలి?

ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్‌ను మీ బదులు మోటారు తొక్కుతుంది. చౌక, మైలేజి బాగుంటుంది, గేరు మారేటప్పుడు చిన్న ఊగు ఉంటుంది. సీవీటీలో విడివిడి గేర్లు ఉండవు, ట్రాఫిక్‌లో చాలా నునుపు. ఒక్కసారిగా తొక్కితే ఇంజన్ అరుపు ఎక్కువ, పరుగు తక్కువ. రెండు క్లచ్‌లుండే డీసీటీ చురుకైనది, కానీ నూనెలో మునగని డ్రై క్లచ్ రకాలు గంటలకొద్దీ పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. రోజూ అమీర్‌పేట, కూకట్‌పల్లి మీదుగా ఆఫీసుకెళ్లేవాళ్లకు నేను సీవీటీ గానీ, క్లచ్ బదులు నూనెతో పనిచేసే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గానీ చెప్తాను. ఏ ఆటోమేటిక్‌నైనా ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, బ్రేక్ వేయండి. ఆ అలవాటు గేర్‌బాక్స్‌ను త్వరగా పాడుచేస్తుంది.

క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చా?

ఏ సంవత్సరపు స్టార్లో చూడండి. కార్లను గుద్ది చూసి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2022లో పరీక్షను కఠినం చేసింది, కాబట్టి అంతకుముందు ఐదు, తర్వాత ఐదు ఒకటి కాదు. మన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది. ఏ వేరియంట్‌ను గుద్ది చూశారో కూడా చూసుకోండి. ఇంకో మాట: వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ఎన్ని స్టార్లున్నా వాళ్లకు ఉపయోగం లేదు. పసిపిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం దయచేసి మానండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దెబ్బకి ఆ బిడ్డ అడ్డంగా ఉంటుంది.

కొత్త మోడల్ ఇప్పుడే వచ్చింది. వెంటనే బుక్ చేయనా?

తొందర లేకపోతే ఆరేడు నెలలు ఆగండి. మొదటి బ్యాచ్‌ల్లో బయటపడే చిన్న లోపాలు ఈలోపు సర్దుకుంటాయి.

## బుక్ చేసి ఇంటికి తెచ్చుకునే దశ

ఎక్స్ షోరూం ధరకీ ఆన్ రోడ్ ధరకీ అంత తేడా ఏంటి? అందులో ఏం తగ్గించుకోవచ్చు?

లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలుస్తాయి. కారు ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) కూడా కడతారు, అది ఆదాయపన్ను రిటర్నులో లెక్కలోకి వస్తుంది, వదులుకోకండి. లైఫ్ ట్యాక్స్‌లో బేరం లేదు. బేరం ఉన్నది ఇన్సూరెన్స్‌లో. డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, కోటింగ్ అంటూ కలిపిన ప్యాకేజీ తీసేయమనండి. ప్రతి అంశం విడివిడిగా కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటిమాట డిస్కౌంట్లు డెలివరీ రోజుకి గుర్తుండవు.

ఈఎంఐ తక్కువ వస్తుందని ఏడేళ్ల లోను పెట్టుకోవచ్చా?

ఎనిమిది లక్షలు, 9 శాతం వడ్డీ అనుకోండి. ఐదేళ్లకైతే నెలకు సుమారు 16,600, మొత్తం వడ్డీ సుమారు 1.96 లక్షలు. ఏడేళ్లకైతే నెలకు సుమారు 12,900, వడ్డీ సుమారు 2.81 లక్షలు. అసలు చిక్కు వేరే ఉంది. ఏడేళ్ల లోనులో నాలుగేళ్లు కట్టాక కూడా నాలుగు లక్షల పైనే బాకీ ఉంటుంది. అప్పుడు బండి అమ్మాల్సివస్తే, వచ్చిన డబ్బులో చాలాభాగం బ్యాంకుకే పోతుంది. ఐదేళ్ల ఈఎంఐ కట్టలేమనిపిస్తే ఇంకాస్త చిన్న కారు చూసుకోవడం మంచిది.

డెలివరీ రోజు ఏం చూసుకోవాలి?

రిజిస్ట్రేషన్ కాకముందే, పగటి వెలుతురులో చూడండి. చాసిస్ నంబరు కాగితాల్లోదీ బండి మీదదీ కలవాలి. తయారైన నెల అడగండి. నాలుగైదు నెలలు యార్డులో ఎండలో నిలబడ్డ బండి అయితే వేరేది అడిగే హక్కు మీకుంది. పెయింట్ మీద వేలు పెట్టి బంపర్లు, తలుపుల అంచులు తడమండి. స్టెప్నీ, జాకీ, రెండో తాళం లెక్క చూసుకోండి. నిమ్మకాయలు తొక్కించే హడావుడిలో ఇవన్నీ మర్చిపోతారు.

## నడిపే రోజులు

ఫ్రీ సర్వీస్ అన్నారు, ఏడు వేలు బిల్లు వేశారు. ఇది మోసమా?

ఫ్రీ అన్నది పనికి మాత్రమే. ఆయిల్, ఫిల్టర్ డబ్బు మనమే కట్టాలి. అయితే బిల్లులో డీకార్బనైజింగ్, థ్రాటిల్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్ లాంటివి ఉంటే ఆగండి. బండితో వచ్చిన పుస్తకంలో ఏ కిలోమీటర్లకు ఏం మార్చాలో పట్టిక ఉంటుంది. దాన్ని ఫొటో తీసి ఫోన్లో పెట్టుకుని, అందులో లేనిది వద్దనండి. జాబ్‌కార్డు మీద సంతకం పెట్టేముందే ఈ మాట చెప్పాలి.

టైర్లు ఎప్పుడు మార్చాలి? పైకి బాగానే కనిపిస్తున్నాయి.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే మార్చాల్సిందే. గాడి ఉన్నా ఆరేళ్లు దాటి, పక్కన సన్నని పగుళ్లు కనిపిస్తే హైవే ఎక్కకండి. ఎండాకాలంలో గాలి తక్కువ పెట్టాలన్నది తప్పు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కుతుంది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు పట్టించండి.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌తో నా పాత కారు పాడైపోతుందా?

ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, అందుకే మైలేజి కొద్దిగా తగ్గడం సహజం. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్ల మీద దాని ప్రభావం ఉండొచ్చు. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా పెట్రోల్ పైపులు చూడమనండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, విదేశాలకెళ్తూ బండిని నెలలకొద్దీ పెట్రోల్‌తో వదిలేయకండి. ఎవరినైనా వారానికోసారి నడపమని చెప్పి వెళ్లండి.

వరద నీళ్లలో కారు మునిగింది. వెంటనే ఏం చేయాలి?

స్టార్ట్ చేయొద్దు. ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపూ కార్లు మునిగినప్పుడు అందరూ అడిగిన ప్రశ్న ఇది. సిలిండర్‌లోకి నీళ్లు చేరాక సెల్ఫ్ కొడితే, పిస్టన్ గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దాన్ని మామూలు పాలసీలు మీరు చేసిన నష్టంగా లెక్కగడతాయి. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంటేనే డబ్బు వస్తుంది.

నీళ్లు తగ్గాక, ఎంతమేర మునిగిందో ఫొటోలు తీయండి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, నాలుగు చక్రాలూ పైకెత్తే బండి మీద తరలించండి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసుకున్న బండి విలువలో) 75 శాతం దాటితే మొత్తం నష్టంగా లెక్కగట్టి ఐడీవీ ఇస్తారు. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించుకున్నవాళ్లు ఏడ్చేది ఇక్కడే.

చిన్న సొట్టకి క్లెయిమ్ చేయొచ్చా?

క్లెయిమ్ లేని ఏడాదికి ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్), 20 శాతం, తర్వాత 25, 35, 45, 50 దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి పడిపోతుంది. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ బండికి జరిగే నష్టానికి కట్టేది) 12,000 అయి, 50 శాతం ఎన్‌సీబీ ఉంటే ఏడాదికి 6,000 మిగులుతున్నట్టు. నాలుగు వేల సొట్టకి దాన్ని పోగొట్టుకోవద్దు. పెద్ద దెబ్బ అయితే నిస్సంకోచంగా క్లెయిమ్ చేయండి. భాగాల అరుగుదల కోయకుండా డబ్బిచ్చే జీరో డెప్ కవర్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం ఖర్చు మీదే అవుతుంది, కాబట్టి మొదటి ఐదేళ్లు అది తీసుకోవాలి.

## సెకండ్ హ్యాండ్, అమ్మకం

వరదలో మునిగిన బండిని ఎలా గుర్తుపట్టాలి?

సీటు బెల్టును చివరిదాకా లాగండి. బయట ఉండే భాగాన్ని కడిగి ఉంచుతారు గానీ, లోపలి చుట్టలో దాగే చివరి జానెడు మీద బురద మరక గీతలా మిగిలిపోతుంది. తర్వాత స్టెప్నీ తీసి ఆ గుంటలో చేయిపెట్టి చూడండి. ముందు సీట్ల కింద పట్టాలకు, బోల్టులకు తుప్పు ఉందా? డాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్స్ మూతలో సన్నని మట్టి ఉందా? లోపల అత్తరు వాసన మరీ ఎక్కువగా ఉంటే అద్దాలు ఎక్కించి, ఏసీ ఆపి, పది నిమిషాలు కూర్చోండి. ముక్కవాసన బయటపడుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత రికార్డు తీయించడం, పెండింగ్ చలాన్లు చూడటం ఎలాగూ చేయాలి.

బండి అమ్మేశాను, డబ్బులొచ్చాయి. ఆర్‌సీ వాళ్లే మార్చుకుంటారులే అని వదిలేయొచ్చా?

వదిలేయకండి. ఆర్టీఏ రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొన్నవాడు యాక్సిడెంట్ చేస్తే నోటీసు మీ ఇంటికి వస్తుంది. ఫారం 29, 30 సంతకాలు పెట్టిన కాపీలు, కొన్నవాళ్ల ఆధార్ కాపీ, తేదీ సమయంతో డెలివరీ కాగితం దగ్గర పెట్టుకోండి. లోను తీరిపోయి ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీతో ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ముందే తీయించండి. ఎన్‌సీబీ బండిది కాదు, మీది. సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు.

ఏపీ నంబరు బండితో హైదరాబాద్‌లో ఉంటున్నాను. నంబరు మార్చాలా?

పన్నెండు నెలలకు మించి ఉంటే మార్చుకోవాలని చట్టం. ఫారం 28తో పాత ఆర్టీఏ దగ్గర ఎన్‌వోసీ తీసుకుని, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీలోగానీ, కేంద్ర ప్రభుత్వంలోగానీ పనిచేస్తూ తరచూ బదిలీలయ్యేవాళ్లు, తర్వాతి కారు కొనేటప్పుడు బీహెచ్ సిరీస్ గురించి అడగండి. దానికైతే రాష్ట్రం మారినప్పుడల్లా నంబరు మార్చే పనిలేదు.